మల్లె పెట్రోల్

ఆ ఏడాది ప్రభుత్వం వారు నాయకత్వాన్ని కనిపెట్టారు. అంతకు ముందటేడు పెరటి తోటల్ని, ఆ ముందటేడు చేతులు కడుక్కోవడాన్ని కనిపెట్టారు. ఏది కనిపెట్టినా దానికి జిల్లాకొక కార్యాలయం, కార్యాలయానికొక అధికారి, అధికారికొక కారు వస్తాయి. మా జిల్లాకు కూడా యువ నాయకత్వ వికాస కార్యాలయం వచ్చింది. పెరటి తోటల కార్యాలయం బోర్డు మీదే రంగు పూసి కొత్త పేరు రాశారు. రంగు పల్చనైనందువల్ల 'యువ నాయకత్వ' అనే అక్షరాల వెనక నుంచి ఒక వంకాయ తొంగి చూస్తూ ఉండేది.

ఆ కార్యాలయం నుంచి మా బడికి వచ్చిన మొదటి ఉత్తర్వు ఇది: "బాలబాలికలలో నిద్రాణమై యున్న నాయకత్వ పటిమను వెలికితీయుటకై, ప్రతి పాఠశాలలోని స్కౌట్స్, గైడ్స్ దళములందు నాయకత్వ బాధ్యతలు నిర్వర్తించుచున్న వారి వివరములను స్వచ్ఛమైన తెలుగులో సమర్పించవలెను. ఆంగ్ల పదములు గల నివేదికలు తిరస్కరింపబడును."

నేను మిట్టపాలెం బాలికల ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని. బడిలో గైడ్స్ దళం నా చేతుల్లోనే ఉంది. మా వైపు కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని కాబట్టి పైనుంచి కాగితం వస్తే రెండు చేతులా అందుకోవడం నాకు అలవాటు. ఆ సాయంత్రమే కూర్చుని నివేదిక రాశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గైడ్స్‌లో ఎనిమిదేసి మంది పిల్లలు ఒక జట్టు. ఆ జట్టుకు ఇంగ్లీషులో ఉన్న పేరును తెలుగులో రాస్తే 'పెట్రోల్' అవుతుంది. జట్టు నాయకురాలు పెట్రోల్ లీడర్. నాకు నేర్పిన టీచరు అలాగే రాసేది. ఆవిడకు నేర్పిన టీచరూ అలాగే రాసి ఉంటుంది. బండిలో పోసే పెట్రోలుకూ దీనికీ ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా ఉంది. తెలుగులోకి వచ్చే దారిలో ఆ అక్షరం జారిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరూ దాన్ని వెతకలేదు, ఎవరికీ అవసరం పడలేదు.

గైడ్స్ జట్లకు పూల పేర్లు పెట్టడం ఆనవాయితీ. మా బడిలో మల్లె, బంతి, మందార, చేమంతి పెట్రోళ్ళు ఉన్నాయి. నేను స్వచ్ఛమైన తెలుగు కోసం లీడర్‌ను నాయకురాలిగా మార్చాను. పెట్రోల్ పేరే కదా అని దాన్ని ముట్టుకోలేదు. "మా వద్ద నాలుగు పెట్రోళ్ళు కలవు. వీటిలో మల్లె పెట్రోల్‌ను పదవ తరగతి విద్యార్థిని బత్తుల ఏస్తేరు ఏడాదిగా ఎంతో సమర్థంగా నడుపుతున్నది" అని రాసి పంపాను.

ఏస్తేరు గురించి నేను రాసిన దాంట్లో అబద్ధం లేదు. కవాతులో తడబడే పిల్లను వెనక్కి పంపించకుండా తన పక్కన నిలబెట్టుకుని కాలు కలపడం నేర్పేది. దాని విజిల్ వినపడితే మిగతా ఏడుగురూ ఎక్కడున్నా వచ్చి వాలేవాళ్ళు. వాళ్ళ నాన్న దావీదు ఆటో తోలుతాడు. అమ్మ పొగాకు గ్రేడింగుకు పోతుంది. పాలిటెక్నిక్ ప్రవేశానికి స్కౌట్స్, గైడ్స్ కోటా ఉంది. దానికి కావలసింది 'పెట్రోల్ లీడర్'గా పనిచేసినట్టు జిల్లా కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం. అది ఉంటే ఏస్తేరు చదువుకు పోతుంది. లేకపోతే అమ్మ వెంట గ్రేడింగుకు పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

అందుకని నివేదికతో పాటే ధ్రువపత్రం కోసం అర్జీ కూడా పెట్టాను. జవాబు వచ్చింది.

"సూచిక: తమరి నివేదిక. అందు 'పెట్రోల్' అను ఆంగ్ల పదము దొర్లినందున, దానిని కార్యాలయ పదకోశమును అనుసరించి 'ఇంధనము'గా సవరించడమైనది. తత్ప్రకారము తమ పాఠశాల యందు నలుగురు మైనరు బాలికలు ఇంధన నాయకురాండ్రుగా వ్యవహరించుచున్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. ఇంధనమును ఎచ్చట నిల్వ చేయుచున్నారు, పరిమాణమెంత, అగ్నిమాపక శాఖ వారి నిరభ్యంతర పత్రము కలదా అను విషయములపై వివరణ సమర్పించునంత వరకు ధ్రువపత్రము నిలుపుదల చేయడమైనది."

మర్నాడు సెలవు పెట్టి జిల్లా కేంద్రానికి బస్సెక్కాను.

సూపరింటెండెంటు ఆదిశేషయ్య గారు మర్యాదస్తులు. "కూర్చోండమ్మా" అన్నారు. కుర్చీ లేదు. నిలబడే చెప్పాను.

"అయ్యా, పెట్రోల్ అంటే ఇంధనం కాదండీ. పిల్లల జట్టు. ఆ ఇంగ్లీషు మాటకు అసలు అర్థం గస్తీ అండీ."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "గస్తీనా?"

"అవునండీ."

"ఆడపిల్లలతోనా?"

"అంటే... పేరు వరకేనండీ. తిరగరు."

"తిరిగినా తిరగకపోయినా గస్తీ గస్తీయే. అది పోలీసు శాఖ వారి పరిధి. మైనరు బాలికలతో గస్తీ చేయిస్తున్నట్టు మీరు రాతపూర్వకంగా ఇస్తే ఈ ఫైలు పోలీసు వారికొకటి, శిశు సంక్షేమం వారికొకటి, పై కార్యాలయానికొకటి, మూడు దారుల్లో పోతుంది. మూడూ తిరిగొచ్చేసరికి మీరు రిటైరవుతారు. అదే ఇంధనమైతే ఒక్క అగ్నిమాపక శాఖతో తెమిలిపోతుంది. మీ మేలు కోరి చెబుతున్నా. ఇంధనమే నయం."

"పోనీ 'జట్టు' అని దిద్దుకోండి సార్. స్వచ్ఛమైన తెలుగే కదా."

"దిద్దడానికి నేనెవర్నమ్మా? పెట్రోల్ అంటే ఇంధనం అని పదకోశ సంఘం వారు ఖరారు చేశారు. ఆ సంఘం కాలపరిమితి అయిపోయింది. కొత్త సంఘాన్ని వేసేదాకా తెలుగు ఎక్కడున్నది అక్కడే."

"మా పిల్లకు ధ్రువపత్రం కావాలండీ. సీట్లిచ్చే కౌన్సెలింగు నాటికి చేతిలో ఉండాలి."

"ఇవ్వమని మేం అనలేదే! నిల్వ చూపించండి, తనిఖీ చేయించండి, పట్టుకుపొండి."

లేని పెట్రోలుకు తనిఖీ ఎలా చేయిస్తారో అడుగుదామనుకున్నాను. అప్పటికే ఆయన టీ తాగడానికి లేచారు.

అగ్నిమాపక అధికారి ఎర్ర జీపులో వచ్చారు. మా గైడ్స్ గదిలో తాళ్ళు, కర్రలు, జెండాలు, ప్రథమ చికిత్స పెట్టె చూశారు. బీరువా కింద వంగి చూశారు. "పెట్రోల్ ఎక్కడమ్మా?" అన్నారు.

"పిలిపించమంటారా?" అంది మా హెడ్‌మిస్ట్రెస్ రత్నమాణిక్యం గారు. ఆవిడ అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పి సర్వీసు గడిపిన మనిషి. బెల్లు కొట్టించింది. పిల్లలంతా పరిగెత్తుకొచ్చి నాలుగు వరసల్లో నిలబడి సెల్యూట్ చేశారు.

"ఇవేనండీ నాలుగు పెట్రోళ్ళు. ఆ చివరిది మల్లె."

ఆయన నాలుగు వరసలూ చూశారు. ఆయనకు సంగతి అర్థమైంది. అర్థమైనందుకు పాపం చాలా ఇబ్బంది పడ్డారు.

"అమ్మా, నాకు తెలిసింది. కానీ నాకు తెలిసిందని రాయడానికి నాకు అధికారం లేదు. ఇంధనం ఉందా, లేదా, అంతవరకే నేను రాయాలి" అని, "నిల్వ: శూన్యం" అని రాశారు. పోతూ పోతూ, నాయకురాళ్ళు ఉన్నారని రికార్డులో ఉంది కనుక జాగ్రత్తలు తప్పవన్నారు. గది ముందు ఇసుక బకెట్లు వేలాడదీయాలి. గోడ మీద ఎర్ర రంగుతో ప్రమాద సూచిక రాయాలి. ఇంధన నాయకురాళ్ళను మంట దరిదాపులకు రానివ్వకూడదు.

అన్నీ చేశాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర వంట చేసే అంకమ్మ గరిటె అడ్డం పెట్టింది.

"అమ్మే ఏస్తేరూ! ఆడనే ఆగు. పొయ్యి కాడికి రాబాకు. అంటుకుంటావంట నువ్వు."

"ఎవరు చెప్పారు అంకమ్మత్తా?"

"పెద్దమేడం చెప్పింది. కాయితం వచ్చిందంట. నువ్వు పెట్రోలంట గదే! చూస్తే చింతబరికె మాదిరి ఉంటావు, నీలో ఇంత ఉందని నాకేం తెల్సు?"

పిల్లలంతా విరగబడి నవ్వారు. ఏస్తేరు కూడా నవ్వి, కంచం దూరంగా పెట్టి నిలబడింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, "మేడమ్, ఇట్టా దూరంగా ఉంటే సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగింది.

ఊళ్ళో కబురు మా కన్నా ముందు నడిచింది. దావీదు ఆటోను బడి గేటు ముందు ఆపి లోపలికి వచ్చాడు.

"ఏంది మేడమ్ ఇది! రోడ్డు మీద ఆటో ఆపి డబ్బాలు చూపిస్తా ఉన్నారు. 'మీ పాప దగ్గర బంకులో కన్నా చవగ్గా వస్తదంట గదా దావీదూ, మాకూ ఒక డబ్బా పోయించరాదూ' అంటా! నా బండికే లేకపాయె. నేను బంకు కాడ లైన్లో నిలబడి కొట్టించుకుంటన్నా." గొంతు తగ్గించాడు. "సీటు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి మేడమ్. వాళ్ళమ్మ గ్రేడింగు మేస్త్రితో మాట్లాడి పెట్టింది. రానంటే ఇంకో పిల్లను పెట్టుకుంటాడంట."

"వస్తుంది దావీదు గారూ. కొద్దిగా ఆగండి" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

అగ్నిమాపక శాఖ వారి కాగితం పంపిస్తే ధ్రువపత్రం రాలేదు. మెమో వచ్చింది. "పాఠశాల నివేదిక ప్రకారము పెట్రోళ్ళు నాలుగు. తనిఖీ నివేదిక ప్రకారము నిల్వ శూన్యము. ఈ వ్యత్యాసమునకు బాధ్యులెవరు? ముఖ్యముగా మల్లె పెట్రోల్‌ను సమర్థముగా నడిపి ఖాళీ చేసినట్లు పేర్కొనబడిన బత్తుల ఏస్తేరు స్వయముగా సంజాయిషీ సమర్పించవలెను."

ఏస్తేరు సంజాయిషీని తన చేత్తోనే రాసింది. నేను ఒక్క మాట కూడా కలపలేదు. "గౌరవనీయులైన సార్ గారికి నమస్కారములు. మల్లె పెట్రోల్‌ను నేను ఎవరికీ ఇవ్వలేదు. మొన్నటిదాకా పూర్తిగా ఉంది. ఎండలు ముదిరినందున ఇద్దరు మంచాన పడ్డారు. ఒకరు అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయారు. మిగిలినది రోజూ బడికి వస్తూనే ఉంది. సెలవుల తర్వాత అంతా కలిసి మళ్ళీ నిండుగా అవుతుంది."

ఆదిశేషయ్య గారు దాని మార్జిన్‌లో రాసిన మాటలు తర్వాత నేను చూశాను: "ఎండలకు కొంత ఆవిరైనట్లు, కొంత పొరుగూరికి తరలింపబడినట్లు బాలిక అంగీకరించినది. అయితే ఖాళీ అయిన ఇంధనము సెలవుల తర్వాత దానంతటదే నిండునని చెప్పుచున్నది. పరిశీలించవలెను."

ఆ చివరి వాక్యం దగ్గరే మా కథ మలుపు తిరిగింది. ఫైలు వికాసాధికారి చక్రధర్ గారి బల్ల మీదికి వెళ్ళింది. దానంతటదే నిండే ఇంధనం అన్న మాట చూసి ఆయన కుర్చీలోంచి లేచారట. నన్నూ ఏస్తేరునూ పిలిపించారు. మేం వెళ్ళేసరికి ఆయన గదిలో అటూ ఇటూ నడుస్తున్నారు.

"పూలు!" అన్నారు నన్ను చూడగానే. "మల్లె, బంతి, మందార, చేమంతి! ఆదిశేషయ్యా, ఇంత గొప్ప ఆవిష్కరణను పట్టుకుని చిల్లర దొంగతనం కింద కట్టావా? పూల నుంచి ఇంధనం! అదీ గ్రామీణ బాలికలు! అదీ మన జిల్లాలో! అదీ నా హయాములో!"

చెప్పడం నా ధర్మం కనుక మొదటి నుంచీ చెప్పాను. జట్టు, గస్తీ, జారిపోయిన అక్షరం, అన్నీ. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. విన్న తర్వాత తల ఊపారు.

"మీ వినయం నాకు నచ్చింది. ఆవిష్కర్తలు రహస్యం బయట పెట్టరు. పెట్టమని నేను కూడా అడగను. ఒక్కటి చెప్పండి. నాలుగింటిలో ఏది బాగా నడుస్తుంది?"

అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది కాబట్టి చెప్పాను. "మల్లె పెట్రోలేనండీ. ఎండకూ వానకూ ఆగదు. క్రమశిక్షణ ఎక్కువ."

"రాసుకో ఆదిశేషయ్యా. ఎండకూ వానకూ ఆగదు. ఎంత దూరం?"

"పోయిన నెల కొండ దాకా పోయి తిరిగొచ్చిందండీ."

"ఒక్క నింపుతోనా?"

"పొద్దున పులిహోర తిన్నాం సార్" అంది ఏస్తేరు.

"పులిహోర! ఉప ఇంధనం. రాసుకో."

ఆదిశేషయ్య గారు రాసుకున్నారు. చింతపండుదా నిమ్మకాయదా అని కూడా అడిగి రాసుకున్నారు.

"సార్, నా సర్టిఫికెట్?" అంది ఏస్తేరు.

"నీకు సర్టిఫికెట్ ఈ గదిలో ఇస్తే ఎవరు చూస్తారమ్మా? మంత్రివర్యుల సమక్షంలో, వేదిక మీద! నా కారు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయిస్తాను. పాత పెట్రోలు చుక్క కలిసినా ప్రయోగం కలుషితమవుతుంది. మీ మల్లె పెట్రోల్‌తో నా కారు వేదిక ముందు నుంచి కదలాలి. కదిలిన క్షణంలో సంతకం."

బయటికొచ్చి బస్సెక్కాం. కూర్చున్నాక ఏస్తేరు అడిగింది. "మేడమ్, కారు కదిలితే చాలన్నాడు గదా?"

"చాలన్నారు."

"ఎట్టా కదలాలో చెప్పలేదు గదా?"

"చెప్పలేదు."

"అట్టయితే జ్వరాలు తగ్గాయో లేదో చూసొస్తా" అంది.

ప్రదర్శన మా బడి మైదానంలోనే పెట్టారు. షామియానా వేశారు. వేదికకు మల్లెపూల దండలు కట్టారు. అవి ఇంధనం వృథా కింద వస్తాయేమోనని ఆదిశేషయ్య గారు కాసేపు మథనపడి, అలంకరణ పద్దు కింద సర్దుబాటు చేశారు. ఎర్ర జీపు ఒక పక్క నిలబడింది. అంకమ్మ పొయ్యిని ప్రహరీ గోడ అవతలకు మార్పించారు. అక్కణ్ణుంచి ఆవిడ తిట్టే తిట్లు మైకులో కూడా వినపడ్డాయి.

మంత్రిగారు ఆలస్యంగా వచ్చి, కూర్చోగానే కునుకు తీశారు. చక్రధర్ గారు మైకు అందుకున్నారు.

"సభకు నమస్కారం. నాయకత్వం అనేది ఒక ఇంధనం అని ఇంతకాలం ఉపమానంగా చెప్పుకున్నాం. ఆ ఉపమానం ఇవాళ కార్యరూపం దాలుస్తోంది. మల్లె పెట్రోల్‌ను ప్రవేశపెట్టవలసిందిగా కోరుతున్నాను!"

జనం మెడలు సాచారు. డబ్బాలు తెచ్చుకున్న వాళ్ళు ముందుకు తోసుకున్నారు.

నేను మెల్లగా, "ప్రవేశపెట్టామండీ. వరసలో నిలబడి ఉన్నారు" అన్నాను. ఆయన వినలేదు. కారు వైపు చెయ్యి చాపి నిలబడ్డారు.

ఏస్తేరు విజిల్ వేసింది. ఎనిమిది మందీ కదం తొక్కుతూ వచ్చి కారు వెనక చేరారు. అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయిన పిల్ల కూడా వచ్చింది. డ్రైవరు నా వంక చూశాడు. నేను తల ఊపాను. అతను గేరు తప్పించి స్టీరింగు పట్టుకున్నాడు.

"మల్లె పెట్రోల్! సిద్ధం!" అని అరిచింది ఏస్తేరు. "ఒకటీ... రెండూ... తొయ్!"

కారు కదలలేదు. ఇసుకలో చక్రం కూరుకుపోయింది. చక్రధర్ గారి చెయ్యి గాలిలోనే ఉంది. షామియానా చివర నిలబడ్డ దావీదు తల దించుకున్నాడు. ఏస్తేరు విజిల్ మెడలో వేసుకుని, అందరికంటే చిన్న పిల్లను తన పక్కకు జరుపుకుని, తాను కూడా భుజం ఆనించింది.

"కాలు కలపండే! కవాతు మాదిరి! ఎడమ... కుడి... ఎడమ..."

కారు ఊగింది. ఊగి, కదిలింది. కదిలి, వేదిక ముందు నుంచి మైదానం చివరి దాకా తిన్నగా పోయింది. అగ్నిమాపక అధికారి ఇసుక బకెట్టు పట్టుకుని దాని పక్కనే పరిగెత్తారు. రికార్డు ప్రకారం ఆయన విధి అది. చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పుడుకు మంత్రిగారు లేచారు.

"ఏం జరిగింది?"

"మల్లె పెట్రోల్‌తో వాహనం నడిచిందండీ!" అన్నారు చక్రధర్ గారు.

మంత్రిగారు ఏస్తేరును వేదిక మీదికి పిలిచి మైకు ఇచ్చారు. "చెప్పు తల్లీ, ఎలా తయారు చేశావు?"

ఏస్తేరు ఇంకా రొప్పుతోంది. చీరల నిండా పొగాకు దుమ్ముతో వచ్చిన ఆడవాళ్ళు, డబ్బాల వాళ్ళు, కలెక్టరేటు వాళ్ళు, అందరూ దాని వంకే చూస్తున్నారు. ఇప్పుడు నిజం చెబితే ధ్రువపత్రం చేజారుతుందేమోనని భయపడ్డాను.

"నేనేం తయారు చేయలేదు సార్. మల్లె పెట్రోల్ అంటే మేమే. ఎనిమిది మందిమి. మేం తోశాం. కారు పోయింది."

ఆర్నెల్లుగా ఎవరూ చెవిన పెట్టని సంగతి మైకులోంచి ఊరంతా పాకింది. చక్రధర్ గారి మొహం పాలిపోయింది. అయితే ఏడు నాయకత్వ శిక్షణలు పొందిన మనిషి కదా, కోలుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"విన్నారా మంత్రివర్యా! పొగ లేదు, దిగుమతి లేదు, ధర పెరగదు. మానవ వనరే ఇంధనం! ఇదే మా కార్యాలయ నినాదం!" ఆ నినాదం ఆ నిమిషందాకా ఆయనకూ తెలియదు.

మంత్రిగారు ముగ్ధులయ్యారు. "అద్భుతం! నాయకత్వం అంటే ఇదీ. ఇంధనంలో ఇంతటి స్వయం సమృద్ధి సాధించిన కార్యాలయానికి ఇక ప్రభుత్వ పెట్రోల్ కేటాయింపు దేనికి? ఈ క్షణం నుంచే రద్దు చేస్తున్నాను. రాష్ట్రానికే ఆదర్శం!"

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చక్రధర్ గారే. కొడుతూ కొడుతూ మధ్యలో ఆగారు. అప్పటికే ఆ ప్రకటనను పత్రికల వాళ్ళు రాసేసుకున్నారు.

ఆ గందరగోళంలోనే ఆదిశేషయ్య గారు టైపు చేయించి తెచ్చిన ధ్రువపత్రాన్ని నేను చక్రధర్ గారి ముందు పెట్టాను. ఆయన ఎటో చూస్తూ సంతకం చేశారు. తీరా ఇంటికి వచ్చి చదివితే, "కుమారి బత్తుల ఏస్తేరు ఇంధన నాయకురాలిగా సేవలందించినట్లు ధ్రువీకరించడమైనది" అని ఉంది. కోటా నిబంధనలో ఉన్న మాట 'పెట్రోల్ లీడర్'.

కౌన్సెలింగుకు దావీదు ఆటోలోనే వెళ్ళాం. సర్టిఫికెట్లు చూసే గుమాస్తా ఒక్కో కాగితం తిప్పుతూ ఏస్తేరు ధ్రువపత్రం దగ్గర ఆగాడు. నిబంధన చూశాడు. ధ్రువపత్రం చూశాడు. మళ్ళీ నిబంధన చూశాడు.

"ఇదేందమ్మా? ఈడ పెట్రోల్ లీడర్ అనుంది. నువ్వు తెచ్చింది ఇంధన నాయకురాలు."

వివరిద్దామని నేను ఊపిరి పీల్చాను. జట్టు, గస్తీ, జారిపోయిన అక్షరం అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఏస్తేరు బల్ల కింద నుంచి నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"సార్, ఇంధనం అంటే ఏంది సార్?" అని అడిగింది అమాయకంగా.

"ఇంధనం అంటే... పెట్రోలు."

"నాయకురాలు అంటే?"

"లీడరు." అతను తనకు తానే చెప్పుకుని, మొహం వికసించి, కుర్చీలో వెనక్కి వాలాడు. "మరింకేం! పెట్రోల్ లీడరే గదా! కాస్త తెలుగులో రాస్తే మాకు అర్థం కాదనుకుంటారమ్మా ఈ జిల్లా ఆఫీసు వాళ్ళు!"

ముద్ర పడింది. ఏస్తేరుకు మెకానికల్‌లో సీటు వచ్చింది. నేను ఆర్నెల్లు దిద్దించాలని తిరిగి దిద్దించలేకపోయిన తప్పును, ఇంకో మనిషి అదే తప్పు మళ్ళీ చేసి దిద్దాడు. నేను నా వివరణను మింగేశాను. దావీదు బయట నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు మిట్టపాలెం ఎత్తు దగ్గర ఒక కారు ఆగి ఉంది. చక్రధర్ గారి కారే. పెట్రోల్ కేటాయింపు రద్దయ్యాక ఆయన సొంత డబ్బుతో పోయించుకునే అలవాటు లేని మనిషి కాబట్టి, ప్రదర్శన కోసం ట్యాంకులోంచి తీయించిన పెట్రోలే తిరిగి పోయించి, అది ఉన్నంత దూరం వచ్చి ఆగిపోయినట్టుంది. డ్రైవరు ఒక పక్క, ఆదిశేషయ్య గారు ఒక పక్క వెనక నుంచి తోస్తున్నారు. ఆదిశేషయ్య గారి చంకలో ఫైలు ఉంది. వికాసాధికారి లోపల వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. నాయకుడు దిగకూడదని ఏదో శిక్షణలో చెప్పి ఉంటారు.

దావీదు ఆటో ఆపాడు. చక్రధర్ గారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు.

"ఏస్తేరూ! సమయానికి వచ్చావమ్మా! ఏదీ, ఒక్క విజిల్ వెయ్. మీ మల్లె పెట్రోల్‌ను పిలువు."

ఏస్తేరు ఆటో దిగింది. మడమలు కలిపి నిటారుగా నిలబడి గైడ్స్ పద్ధతిలో సెల్యూట్ చేసింది.

"నిల్వ శూన్యం సార్!"

అధికారిక మాట చెవిన పడగానే ఆదిశేషయ్య గారు అలవాటు కొద్దీ పక్కకు జరిగి, రాసుకోవడానికి జేబులోంచి పెన్ను తీశారు. ఆయన తప్పుకున్నారని డ్రైవరూ తప్పుకున్నాడు. అక్కడ రోడ్డు బాగా వాలుగా ఉంటుంది. లోపల అధికారితో సహా కారు, చుక్క ఇంధనం లేకుండానే, మెల్లగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది.